డయాలసిస్‌కు బీమా ఉంది, బీపీ మాత్రకు?

మార్కు సువార్త అయిదో అధ్యాయంలోని రక్తస్రావ రోగి గురించి ప్రసంగం వినని విశ్వాసి మన సంఘాల్లో ఉండరు. ఆమె విశ్వాసం గురించి, ప్రభువు వస్త్రాన్ని ముట్టిన ఆ క్షణం గురించి ఎన్నోసార్లు విన్నాం. అయితే సువార్తికుడు ఆమె ఇంటి లెక్క కూడా రాశాడు. పన్నెండేళ్లు ఎంతోమంది వైద్యుల చుట్టూ తిరిగింది, ఉన్నదంతా ఖర్చు పెట్టుకుంది, చివరికి జబ్బు తగ్గకపోగా ముదిరింది. స్వయంగా వైద్యుడైన లూకా ఇదే సంగతి రాసినప్పుడు, ముదిరిందన్న మాట మాత్రం వదిలేశాడు. సాటి వైద్యుల మీద మొగమాటం కాబోలు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలో లింగంపేట ఉంది. ఆ మండలంలో ఆమె లాంటివాళ్లను వెతకనక్కర్లేదు. బీడీలు చుట్టే ఒక తల్లిని ఊహించుకుందాం. వయసు నలభై అయిదు. భర్త గల్ఫ్‌లో కూలి. రోజూ తలనొప్పి అని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. ఆయన సూది వేసి నొప్పి మాత్రలు ఇస్తాడు. ఒకసారి బీపీ చూస్తే చాలా ఎక్కువ ఉంటుంది. మాత్ర మొదలవుతుంది. నెల తిరిగేసరికి తలనొప్పి పోతుంది, దాంతో పాటు మాత్రా పోతుంది. ఆమెను పిలిచి అడిగేవాళ్లు లేరు. అయిదారేళ్లకు కాళ్లు వాస్తాయి. కామారెడ్డిలో రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్తారు. అక్కడి నుంచి హైదరాబాద్. ఆ తర్వాత వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్.

ఆ డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తుంది. డయాలసిస్ రోగులకు రాష్ట్రం పింఛను కూడా ఇస్తోంది. రెండూ మంచివే, రెండూ ఉండాలి. మేము అడుగుతున్నది ఒక్కటే. ఈ ప్రయాణంలో ఆ తల్లి కోసం బీమా తన సంచి విప్పింది ఎక్కడ? కిడ్నీలు పోయాక. అంతకుముందు అయిదారేళ్లలో ఆమె బీపీ అదుపులో ఉందా లేదా అని చూసినందుకు ఏ వైద్యుడికీ, ఏ నర్సుకూ, ఏ ఆసుపత్రికీ ఒక్క రూపాయి రాలేదు. చూడనందుకు ఎవరికీ ఒక్క రూపాయి నష్టమూ కలగలేదు.

ఆరోగ్యశ్రీని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని మొదలుపెట్టకముందు పేదింట్లో గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మడం, లేకపోతే దేవుని మీద భారం వేసి ఊరుకోవడం. తెల్ల కార్డు పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కిన మొదటి తరం మన కళ్లముందే ఉంది. మొదట రెండు లక్షలుగా ఉన్న పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పది లక్షలైంది. చికిత్సల జాబితా 1,800 దాటింది. కానీ ఆ జాబితా తెరిచి చూడండి. దాదాపు అంతా ఆసుపత్రిలో చేరాక జరిగేదే. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఫాలో-అప్ మందులు ఇస్తారు, నిజమే. అది కూడా పడ్డవాళ్లకే. పడకుండా ఆపడానికి ఆ జాబితాలో ప్యాకేజీ లేదు.

దేనికి డబ్బిస్తే అదే పెరుగుతుంది. ఆరోగ్యశ్రీ తొలి సంవత్సరాల్లోనే ఈ పాఠం చేదుగా నేర్చుకున్నాం. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు అవసరం ఉన్నా లేకున్నా జరుగుతున్నాయని గగ్గోలు పుట్టి, చివరికి ప్రభుత్వం వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఊళ్లలో పెట్టిన ఆరోగ్య శిబిరాలు చాలావరకు జబ్బును ఆపడానికి కాక, రోగిని పట్నం ఆసుపత్రికి చేర్చడానికే పనికొచ్చాయి. వైద్యులందరూ దుర్మార్గులని మేము అనడం లేదు. ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉండి, అరగంట కూర్చోబెట్టి మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు మంచి వైద్యుడు కూడా మెల్లగా ఎటు ఒరుగుతాడో ఊహించడం కష్టం కాదు.

ఆసుపత్రుల వైపు నుంచి చూసినా ఈ పద్ధతి అలసిపోయింది. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేశాయి. పరిమితి పెంచుతూ, జాబితా పెంచుతూ, జబ్బులను మాత్రం వాటి మానాన పెరగనిస్తే ఏ ఖజానా అయినా ఎన్నాళ్లు తట్టుకుంటుంది? 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు పది కోట్లు దాటారు. పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా, అంటే 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది. ఇవాళ్టి బీపీలు, షుగర్లే పదేళ్ల తర్వాతి డయాలసిస్‌లు, పక్షవాతాలు, కాలు తీసివేతలు.

ప్రైవేటు బీమా కంపెనీల సంగతి మరో రకం. అవి ఏడాదికోసారి ప్రీమియం తీసుకుని ఏడాదికోసారి లెక్క చూసుకుంటాయి. ఈ ఏడాది నా ఖాతాదారుకు మందులిచ్చి బీపీ అదుపులో పెడితే, పదేళ్ల తర్వాత తప్పే పక్షవాతం లాభం ఎవరికి? అప్పటికి అతడు వేరే కంపెనీకి మారి ఉండవచ్చు. అందుకే నివారణ అనేది వాళ్ల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో, పాలసీ పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏడాదికో ఉచిత పరీక్ష, ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్, నడిస్తే కాస్త తగ్గింపు. పరీక్షలో షుగర్ బయటపడితే ఏం చేయాలో ఆ యాప్ చెప్పదు. పైగా బయటపడితే ప్రీమియం పెరుగుతుందేమోనన్న భయంతో పరీక్షే చేయించుకోనివాళ్లు ఉన్నారు. 2024లో నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలాన్ని గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. రెండూ మేలే. అయితే ఆ మూడేళ్లూ షుగర్ ఉన్న మనిషిని ఊరికే ఎదురుచూడనివ్వడం కన్నా, మొదటి రోజు నుంచే మందులూ పరీక్షలూ ఇచ్చి, అదుపులో ఉంచుకుంటే నిరీక్షణ ఇంకా తగ్గిస్తామని ఎందుకు చెప్పకూడదు? కంపెనీకీ అది నష్టం కాదు. మూడేళ్లు గాలికి వదిలేసిన షుగర్ నాలుగో ఏట బిల్లు రూపంలో తిరిగి దాని గడపకే వస్తుంది.

ఇక్కడే మా ముఖ్యమైన మాట. ప్రైవేటు కంపెనీకి ఉన్న సాకు ఆరోగ్యశ్రీ ట్రస్టుకు లేదు. లింగంపేటలోని పేద కుటుంబం వచ్చే ఏడాది వేరే కంపెనీకి మారిపోదు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఆ కుటుంబం జబ్బు ఖర్చు ఈ ప్రభుత్వం మీదే పడుతుంది. జీవితాంతం బిల్లు కట్టవలసినవాడు జబ్బును మొదట్లోనే ఆపడానికి అందరికన్నా ఎక్కువ తాపత్రయపడాలి. మన దగ్గర అదే జరగడం లేదు. డబ్బు ట్రస్టు చేతిలో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వేరే శాఖాధిపతి కింద ఉంది. బీపీ మాత్రలు అయిపోతే ఆ కేంద్రానికి చెడ్డపేరు, కిడ్నీలు పోతే ట్రస్టుకు బిల్లు. ఈ రెండు ఖాతాలనూ పక్కపక్కన పెట్టి చదివే మనిషి ఎవరూ లేరు.

ఇది మనకు కొత్త ఆలోచన కూడా కాదు. 1948 చట్టంతో వచ్చి 1952లో మొదలైన ఈఎస్‌ఐ ఒక బీమా పథకమే. అది డిస్పెన్సరీతో మొదలవుతుంది. కార్మికుడు ముందుగా కట్టిన డబ్బుతోనే జ్వరానికీ దగ్గుకూ డాక్టరు, మందులు. నడిపే తీరు మీద ఎన్ని ఫిర్యాదులున్నా, నిర్మాణం సరైనది. మన బీడీ తల్లులకూ అలాంటిదే ఒకటి ఉండేది. 1976 చట్టం కింద బీడీల మీద వసూలు చేసిన సెస్సుతో కార్మికుల సంక్షేమ నిధి, దాని డిస్పెన్సరీలు నడిచేవి. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు రద్దయింది. పొగాకు పొడి పీల్చే చేతులకు వాళ్ల సరుకు మీది పన్నులోంచే దక్కే వైద్యపు వాటా అలా బడ్జెట్ దయకు చేరింది. ఈ విషయం మీద ఎల్లారెడ్డి ప్రాంతంలో ఒక్క ధర్నా అయినా మా చెవిన పడలేదు.

మంచి సమరయుని ఉపమానంలో ఒక చిన్న సంగతి ఉంది. అతడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ముందుగానే ఇచ్చి, ఈ మనిషిని చూసుకోమన్నాడు. ఎన్ని కట్లు కడితే అన్ని దేనారములని బేరం పెట్టలేదు. మనిషిని అప్పగించి, అతని బాధ్యతకు డబ్బిచ్చాడు. ఎక్కువైతే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. థాయ్‌లాండ్ 2002లో చేసింది దాదాపు అదే. ఇతర పథకాల్లో లేని ప్రతి పౌరుణ్నీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రాల సముదాయంలో నమోదు చేసి, తలకు ఇంత అని ఏడాదికి ముందే డబ్బిచ్చింది. రోగి కట్టవలసింది ముప్పై బాత్‌లు. తలసరి డబ్బు తీసుకున్న వైద్యుడికి రోగి ఆరోగ్యంగా ఉంటేనే మిగులు. మన దేశం కన్నా అంత ధనిక దేశమేమీ కాదు అప్పటి థాయ్‌లాండ్.

ప్రాథమిక వైద్యం చౌకగా, నాణ్యంగా చేయవచ్చనడానికి థాయ్‌లాండ్ దాకా పోనవసరం కూడా లేదు. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలుత తీసుకున్న అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని సూత్రాలు చాలా మామూలువి. దవాఖానకు వచ్చిన ప్రతి పెద్దమనిషికీ బీపీ చూడటం. రాష్ట్రమంతా ఒకే వరుసలో కొద్దిపాటి మందులు, ఏది ముందు ఏది తర్వాత అన్నది రాసిపెట్టి ఉండటం. ఆ మందులు అయిపోకుండా చూసుకోవడం. నర్సు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త డాక్టరుతో కలిసి పనిచేయడం. రోగికో కార్డు, రాని రోగికో ఫోన్. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్య సమితి వేదిక మీద అవార్డు వచ్చింది. కొత్త యంత్రం కనిపెట్టినందుకు కాదు, రాని రోగికి ఫోన్ చేసినందుకు! అమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రల పట్టీ జన ఔషధి దుకాణంలో కప్పు చాయ్ ధరకు అటూ ఇటూగా దొరుకుతుంది. మందు ఖరీదైనది కాదు. క్రమం తప్పకుండా అది మనిషికి అందడం, మనిషి దాన్ని మింగడం, అది పనిచేస్తోందా అని ఎవరో చూడటం, ఈ మూడే కష్టం.

కాబట్టి ఆరోగ్యశ్రీ ట్రస్టు తన ఖర్చులో ఒక వాటాను ఏటా విడిగా తీసి పెట్టాలి. లింగంపేట లాంటి మండలంలో ప్రతి కుటుంబం తనకు ఇష్టమైన చోట, సర్కారు దవాఖానలోనో లేదా ముందుకొచ్చిన స్థానిక ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరో పేరు నమోదు చేసుకోవాలి. నమోదైన తలకు ఇంత అని ఆ బృందానికి డబ్బు చేరాలి. దాని మీద కొంత భాగం ఫలితం చూసి ఇవ్వాలి. ఫలితమంటే యాభై గళ్ల ఫారం కాదు. ముప్పై దాటినవాళ్లలో ఎందరికి బీపీ, షుగర్ చూశారు? ఉన్నవాళ్లలో ఎందరికి అదుపులో ఉంది? ఈ రెండు సంఖ్యలు చాలు, పంచాయతీ గోడ మీద రాయించినా ఎవరికైనా అర్థమవుతాయి.

ఇందులో ప్రమాదం లేదని మేము అనం. ఇంగ్లండ్ 2004 నుంచి కుటుంబ వైద్యులకు నాణ్యత లెక్కల మీద అదనపు డబ్బిస్తోంది. లెక్కలోకి వచ్చిన పనులు మెరుగయ్యాయి, లెక్కలోకి రానివి అలాగే ఉండిపోయాయన్న విమర్శ అక్కడే ఉంది. మన దగ్గర ఇంకో భయం. ఇంట్లో కూర్చుని అందరికీ 120, 80 అని రాసేయడం మనకు రాని విద్య కాదు. మాట వినని రోగిని, తాగేవాణ్ని, గుట్ట మీది తండాలో ఉండేవాణ్ని జాబితాలోంచి మెల్లగా జారవిడవడమూ జరగవచ్చు. దీనికి మందు ఉంది. పదిమందిలో ఒకరిని బయటి నర్సు వెళ్లి మళ్లీ చూడాలి. తండాకు తలసరి ఎక్కువ ఇవ్వాలి. కష్టమైన రోగిని పట్టుకున్నవాడికే ఎక్కువ దక్కాలి.

నివారణ వల్ల డబ్బు తప్పకుండా మిగులుతుందని కూడా మేము హామీ ఇవ్వం. వందమందికి ఏళ్ల తరబడి మాత్రలిస్తే కొందరికి మాత్రమే పక్షవాతం తప్పుతుంది. లెక్క ఒక్కోసారి సరిసమానంగా ఉంటుంది, ఒక్కోసారి ఖర్చే ఎక్కువవుతుంది. అయినా బీడీ చుట్టే చేతులు చచ్చుబడకుండా ఉండటం విలువ ట్రస్టు పద్దుల్లో కనబడదు. ఆ ఇంటి పద్దుల్లో కనబడుతుంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో మొత్తం వైద్య వ్యయంలో 64.2 శాతం జనం జేబులోంచే పోయేది, 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం సంతోషమే. మిగిలిన ఆ భాగంలో పెద్ద వాటా ఆసుపత్రిలో చేరనివాళ్ల మందులదీ పరీక్షలదీ. బీమా ముట్టనిది సరిగ్గా అదే.

వైద్యులతో ఒక మాట. మీ మీద ఒత్తిడి మాకు తెలియనిది కాదు. కానీ కొన్ని పనులకు ఏ జీవో అక్కర్లేదు. చీటీ మీద మందు పేరు జనరిక్‌లో, చదవగలిగే అక్షరాల్లో రాయడం. బీపీ మాత్ర తలనొప్పికి కాదని, తలనొప్పి పోయినా మానకూడదని రెండు నిమిషాలు చెప్పడం. మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగుతున్న ముసలమ్మకు కిడ్నీ పరీక్ష రాయడం. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. రాత్రి పదింటికి తలుపు తీసేది వాళ్లే. బీపీ చూసి సూది వేయకుండా పెద్ద దవాఖానకు పంపినవాణ్ని మెచ్చుకోండి, పంపినందుకు కమీషన్ ఇవ్వడం మానండి. మా ప్రాంతపు యువకుల జీవితంలో మొదటి పూర్తి వైద్య పరీక్ష ఏది? గల్ఫ్ వీసా కోసం చేయించుకునే మెడికల్. అందులో అన్‌ఫిట్ అని ముద్ర వేసి పంపుతారు, ఎందుకో, తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన కుర్రవాణ్ని కూర్చోబెట్టి చదివి చెప్పే డాక్టరు మండలానికొక్కరున్నా చాలు.

రాష్ట్రం తలుచుకుంటే ఊరూరా తిరిగి చేయగలదనడానికి కంటి వెలుగు సాక్ష్యం. 2018 ఆగస్టు 15న పొరుగున మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన ఆ కార్యక్రమంలో జనం వరుసకట్టి కళ్లు చూపించుకున్నారు, అద్దాలు తెచ్చుకున్నారు. బీపీ, షుగర్లకు అద్దాలలా ఒక్కసారి ఇస్తే అయిపోయే మందు లేదు. అందుకే వాటికి ఉత్సవం పనికిరాదు, జీతం కావాలి. లింగంపేటలోనే నాగన్న బావి ఉంది. చెత్తా పొదలూ నిండిపోయిన ఆ పాత మెట్లబావిని ఇటీవలి సంవత్సరాల్లో బాగుచేశారు. చూడటానికి జనం వస్తున్నారు. పూడిక తీయడం ఒకసారి చేసే పని, మళ్లీ పూడకుండా ఊడవడం రోజూ చేసే పని. రెండోదానికి ఫొటోలు దిగరు.

సంఘం ఇందులో కొత్తగా చేరవలసింది లేదు, మరచిపోయిన చోటికి తిరిగి రావాలి. 2016 దాకా లింగంపేట నిజామాబాద్ జిల్లాలోదే. ఆ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో వెస్లియన్ మిషన్ వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చింది నర్సాగౌడ్ అనే హిందూ దాత. గుంటూరులో పనిచేసిన వైద్యురాలు సిస్టర్ మేరీ గ్లౌరీ 1943లో ఆరంభించిన కాథలిక్ ఆరోగ్య సంఘానికి ఇవాళ సికింద్రాబాద్ కేంద్రం. ప్రపంచ సంఘాల సమాఖ్య 1968లో ఏర్పరచిన క్రైస్తవ వైద్య కమిషన్, మన మిషన్ ఆసుపత్రులు పట్నాల్లో మంచాలు పెంచుకుంటూ పోతే పల్లెలో జబ్బు తగ్గదని గట్టిగా చెప్పింది. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ అరోలే దంపతులు 1970 నుంచి, చదువురాని పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చి చేసి చూపిన పని ఆ కమిషన్‌కు ఆదర్శమైంది. ఆ చర్చలు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా వెళ్లాయి. 1978 ఆల్మా-అటా ప్రకటనలో ప్రాథమిక ఆరోగ్యమన్న మాట వెనుక మన వాళ్ల చెమట కూడా ఉంది.

ఇప్పుడు మన సంఘాల్లో వైద్య పరిచర్య అంటే ఏడాదికోసారి పట్నం నుంచి బస్సు, ఒక పూట శిబిరం, పదిరోజుల మాత్రలు, బ్యానరు. పదకొండో రోజు మాటేమిటి? దానికన్నా ఒక బీపీ యంత్రం, ఒక గ్లూకోమీటరు, ఒక నోటు పుస్తకం మేలు. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘంలో ఉన్న నర్సమ్మో ఏఎన్‌ఎమ్మో కూర్చుని అందరివీ చూడవచ్చు, బయటి గేటు దగ్గర కూర్చుంటే ఊరివాళ్లవీ చూడవచ్చు. ఎక్కువ ఉన్నవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి, మనమే మందు ఇవ్వకూడదు. ప్రార్థనతో తగ్గింది, మాత్ర మానేశానని సాక్ష్యం చెప్పిన సహోదరిని ఆ ఆదివారమే యంత్రం దగ్గరికి నడిపించడం కాపరి పని. ప్రభువు కూడా బాగుపడిన కుష్ఠురోగిని వెళ్లి యాజకునికి కనబరచుకోమన్నాడు.

ఆ కేంద్రంలో మాత్రలు లేవని ఎవరైనా వెనక్కి వస్తే, ఏ తేదీన ఏ మాత్ర లేదో అదే పుస్తకంలో రాయాలి. మూడు నెలల పేజీలు పట్టుకుని కామారెడ్డి కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్లాలి, సంఘం పేరుతో కాదు, ఊరి పేరుతో.